ఇరవయ్యేళ్ళు నిలవున్న తెల్ల వైన్ పాడైనట్టా, పండినట్టా? రియోహా చెప్పే జవాబు

క్లుప్తంగా

స్పెయిన్ ఉత్తర భాగంలోని రియోహాలో కొన్ని పాత వైనరీలు తెల్ల వైన్‌ను ఆరేళ్ళు, పదేళ్ళు ఓక్ పీపాల్లో ఉంచి, ఆపైన ఇంకొన్నేళ్ళు సీసాల్లో దాచి, అప్పుడు అమ్మకానికి పెడతాయి. అప్పటికి రంగు తేనెలా మారుతుంది, తాజా పండ్ల వాసన పోయి వేయించిన పప్పుల వాసన వస్తుంది. వైన్ పాడవలేదు. గాలి ఒక్కసారిగా మీద పడకుండా చుక్క చుక్కగా, ఏళ్ళ తరబడి తగలడం వల్ల అలా మారింది. 19వ శతాబ్దంలో వచ్చిన రైలు మార్గం, ఫ్రాన్స్ తోటల్ని తినేసిన ఒక పురుగు కలిసి ఈ పద్ధతిని రియోహాలో నిలబెట్టాయి. 1970ల తర్వాత స్టీల్ ట్యాంకులు వచ్చి దాన్ని దాదాపు తుడిచిపెట్టాయి, ఇప్పుడు మళ్ళీ గిరాకీ వచ్చింది. లేబుల్ మీది మాటల్ని బట్టి మాత్రం ఈ వైన్‌ను గుర్తుపట్టలేం, చట్టం అడిగేది ఒకటి, ఈ వైనరీలు చేసేది ఇంకొకటి.

అయోమయం ఎక్కడుంది

తెల్ల వైన్ అంటే చాలామందికి తెలిసిన లెక్క ఒకటే: ఆ ఏడాది లేదా నిరుటి పంట, ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచింది, నిమ్మకాయ, పచ్చి యాపిల్ లాంటి వాసన, లేత రంగు. రెండు మూడేళ్ళు దాటిన సీసా కనిపిస్తే షాపువాడు అంటగడుతున్నాడేమోనని అనుమానం. ఎక్కువ సీసాల విషయంలో ఈ అనుమానం సబబే, మామూలు తెల్ల వైన్‌ను ఆ లెక్క ప్రకారమే తయారుచేస్తారు, తొందరగా తాగడమే మంచిది.

ఈ లెక్క రియోహా పాత తెల్ల వైన్‌ల దగ్గర పనిచేయదు. లోపెస్ దె ఎరేదియా అనే వైనరీ చేసే 'వీన్యా తొందోనియా' గ్రాన్ రిసెర్వా (చాలాకాలం నిలవుంచిన వైన్‌కు లేబుల్ మీద పెట్టే హోదా) తెల్ల వైన్‌లో 1996 పంట మార్కెట్‌లోకి వచ్చేసరికి ఇరవయ్యేళ్ళు దాటిపోయాయి. అది దుకాణంలో అమ్ముడుపోక మిగిలిన సరుకు కాదు, వైనరీ కావాలనే అన్నాళ్ళూ బయటికి వదల్లేదు. గ్లాసులో పోస్తే పాత బంగారు రంగు, వాసనలో బాదం, తేనెమైనం, ఎండిన నారింజ తొక్క. మొదటిసారి చూసినవాళ్ళు ఇది ముక్కిపోయిందేమో అని వెనక్కి పంపిన సందర్భాలు రెస్టారెంట్లలో తక్కువేమీ కాదు. అదే వైన్ కోసం వేలంపాటల్లో పోటీ పడేవాళ్ళూ ఉన్నారు. ఒకే సీసా గురించి ఇంత తేడాగా మాట్లాడుకుంటున్నారంటే, తెల్ల వైన్‌కూ గాలికీ మధ్య ఏం జరుగుతుందో చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పలేదని అర్థం.

రియోహా ఎక్కడ, ఎలాంటిది

ముందు పేరు. స్పానిష్‌లో ఆ 'జ' అక్షరాన్ని 'హ'లా పలుకుతారు కాబట్టి రియోజా కాదు, రియోహా. అక్కడి వైన్ పట్టణాన్ని కూడా చాలామంది 'హారో' అని చదువుతారు, కానీ స్పానిష్‌లో మొదటి 'హ' పలకదు, అది 'ఆరో'.

ఎబ్రో నది వెంట దాదాపు వంద కిలోమీటర్ల పొడవున పరుచుకున్న లోయ ఇది. ఉత్తరాన కాంతాబ్రియా కొండలు గోడలా నిలబడి అట్లాంటిక్ వైపునుంచి వచ్చే చలిగాలుల్ని, వానల్ని చాలావరకు అడ్డుకుంటాయి, దక్షిణాన దెమాందా కొండలున్నాయి, తూర్పుకు పోయేకొద్దీ మధ్యధరా సముద్రపు వేడి తెలుస్తుంది. అందుకే ఒకే పేరు కింద మూడు ఉపప్రాంతాలు: పడమట రియోహా అల్తా, నదికి ఉత్తరాన బాస్క్ ప్రాంతంలోకి వచ్చే రియోహా అలావేసా, తూర్పున రియోహా ఓరియెంతాల్. నిలవుండే తెల్ల వైన్‌కు కావలసిందల్లా పులుపు, ఆ పులుపు చల్లటి రాత్రుల వల్ల మిగులుతుంది, కాబట్టి ఈ కథంతా ఎక్కువగా పడమటి వైపు, ఆరో చుట్టుపక్కలే నడుస్తుంది.

1925లో ఈ ప్రాంతం పేరుకు అధికారిక రక్షణ దొరికింది. 1991లో స్పెయిన్ వైన్ చట్టంలోని అత్యున్నత హోదా 'కాలిఫికాదా' అందుకున్న మొదటి ప్రాంతం కూడా ఇదే. పేరు మాత్రం ఎర్ర వైన్‌తోనే వచ్చింది, తోటల్లో తెల్ల ద్రాక్ష వాటా పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది.

ఆ పదో వంతులో పెద్దపీట వియూరా అనే రకానిది. స్పెయిన్‌లో వేరే చోట్ల దీన్నే మకబేవో అంటారు. నిజం చెప్పాలంటే వియూరాకు కుర్ర వయసులో చెప్పుకోదగ్గ వాసనేమీ ఉండదు. గుత్తులు ఎక్కువ కాయనిస్తే నీళ్ళలా తయారవుతుంది. కానీ ముదురు తీగల మీద, తక్కువ దిగుబడితో పండితే పులుపు నిలబడుతుంది, గాలి తగిలినా అంత తొందరగా నల్లబడదు. దీనికి కాస్త మల్వసీయా అనే ఇంకో తెల్ల రకం కలుపుతారు, ఒంటికి నూనె పట్టించినట్టు ఒక మందం వస్తుంది. తొందోనియా గ్రాన్ రిసెర్వాలో వియూరా తొంభై శాతం, మల్వసీయా పది శాతం ఉంటాయి. వాసన తక్కువ ఉన్న ద్రాక్షే ఇలాంటి వైన్‌కు నప్పడం వెనక ఒక తర్కం ఉంది: ముందే ఘుమఘుమలాడే రకాల్లో ఆ వాసనే వాటి ఆస్తి, పదేళ్ళ పీపాలో ఆ ఆస్తి కరిగిపోతుంది. వియూరాకు పోగొట్టుకునేది పెద్దగా లేదు, వచ్చేదే ఎక్కువ.

పురుగు, రైలు, 225 లీటర్ల పీపా

1860ల నుంచి ఫ్రాన్స్ తోటల్ని ఫిలోక్సెరా అనే పురుగు తినడం మొదలుపెట్టింది. మన రైతులకు పేనుబంక తెలుసు కదా, దానికి దగ్గరి చుట్టం లాంటిది, కాకపోతే ఇది వేర్ల మీద బతికి తీగను మొదలంటా ఎండగడుతుంది. ఫ్రాన్స్‌లో పేరున్న వైన్ ప్రాంతం బోర్దో. అక్కడి వ్యాపారులకు సరుకు లేకుండా పోయింది. సరిగ్గా ఆ దశకంలోనే బిల్బావో రేవును ఎబ్రో లోయతో కలుపుతూ రైలు మార్గం వచ్చింది, ఆ దారిలో 'ఆరో' పట్టణానికీ ఒక స్టేషన్ ఉంది. వ్యాపారులు కొండలు దాటి వచ్చి ఇక్కడి వైన్ కొనడం మొదలెట్టారు, 1882లో ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం ఆ దారిని ఇంకా సులువు చేసింది.

సరుకు కొనడంతో ఆగలేదు, పద్ధతి కూడా వచ్చింది. బోర్దోలో వాడే 225 లీటర్ల ఓక్ పీపా, అందులో వైన్‌ను నెలలూ ఏళ్ళూ నిలవుంచడం, మధ్యమధ్యలో మడ్డి వదిలించడం, ఇవన్నీ రియోహాలో అప్పుడు వేళ్ళూనుకున్నాయి. స్టేషన్ పక్కనే వైనరీలు కట్టుకున్నారు, పీపాలు దొర్లించి నేరుగా రైలెక్కించే వీలు చూసుకుని. ఆ పేటను ఇప్పటికీ 'స్టేషన్ పేట' అనే పిలుస్తారు. 1877లో మొదలైన లోపెస్ దె ఎరేదియా, 1879 నాటి కూనే, 1890 నాటి లా రియోహా అల్తా అక్కడే, దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఇన్ని శతాధిక వైనరీలు ఒక రైల్వే స్టేషన్ చుట్టూ చేరడం ప్రపంచంలో ఇంకెక్కడా దొరకడం కష్టం.

1892లో ఫ్రాన్స్‌తో ఒప్పందం ముగిసింది, 1899లో ఆ పురుగు రియోహాకీ వచ్చింది. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు. పీపాలు మిగిలాయి. బోర్దో తర్వాతి కాలంలో పీపా గడువును తగ్గించుకుంటూ పోతే, రియోహా దాన్ని పట్టుకుని వేలాడింది, పైగా ఫ్రెంచ్ చెక్కకు బదులు అమెరికన్ ఓక్ తెప్పించుకుని సొంతంగా పీపాలు బిగించుకుంది. ఎర్ర వైన్ కోసం వచ్చిన అలవాటు తెల్ల వైన్‌కూ పాకింది. వేరే దారి లేకపోవడం కూడా ఒక కారణం, ఆ రోజుల్లో వైన్ దాచడానికి చెక్కే ఉంది.

పీపా లోపల ఏం జరుగుతుంది

పీపా చూడ్డానికి గట్టిగా మూసినట్టే ఉంటుంది. కానీ చెక్క రంధ్రాల గుండా, పలకల అతుకుల గుండా గాలిలోని ఆక్సిజన్ చాలా నెమ్మదిగా లోపలికి పోతూ ఉంటుంది, లోపలి తేమ బయటికి ఆవిరవుతూ ఉంటుంది. ఆ ఖాళీని ఎప్పటికప్పుడు అదే వైన్‌తో నింపుతారు.

ఆక్సిజన్ చేసే పనిని వంటింట్లోనే చూడొచ్చు. వంకాయ కోసి పక్కన పెడితే నిమిషాల్లో నల్లబడుతుంది, అందుకే ఉప్పునీళ్ళలో వేస్తాం. కాయలోని ఫీనాల్ పదార్థాలకు గాలి తగిలి, ఎంజైమ్‌లు తోడై జరిగే మార్పు అది. ద్రాక్ష పిండినప్పుడు రసంలోనూ అచ్చంగా అదే జరుగుతుంది. ఆధునిక వైనరీ ఆ రసానికి గాలి తగలకుండా సర్వప్రయత్నాలూ చేస్తుంది: చల్లబరుస్తుంది, స్టీల్ ట్యాంకులో మూసేస్తుంది, గంధకపు వాయువు కలుపుతుంది, పైన నత్రజని కప్పుతుంది. పాత పద్ధతిలో ఇంత కట్టడి లేదు. రసం కాస్త గోధుమరంగుకు తిరుగుతుంది, తొందరగా చెడిపోయే ఆ ఫీనాల్‌లు అప్పుడే మారిపోయి మడ్డిలో దిగిపోతాయి. తర్వాత గాలి వచ్చినా అది పట్టుకోవడానికి లోపల మిగిలింది తక్కువ. ముందే కొంత ఓడిపోయి తర్వాత ధైర్యంగా ఉండే ఆట ఇది.

ఇక పీపాలో గడిపే ఏళ్ళలో, చుక్కచుక్కగా వచ్చే ఆక్సిజన్ ఆల్కహాల్‌లో కొంత భాగాన్ని ఆసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, అక్రోటు లాంటి వాసన కొంత దీనివల్లే. కొత్త అమెరికన్ ఓక్ అయితే కొబ్బరి, వనిల్లా వాసనలు బాగా దింపుతుంది, పాతబడిన పీపా ఆ పని దాదాపు మానేసి గాలి వదిలే పని మాత్రమే చేస్తుంది. తొందోనియాలాంటి వైన్‌లకు వాడేది ఎక్కువగా ఇలాంటి పాత పీపాలే, అందుకే పదేళ్ళు చెక్కలో ఉన్నా చెక్క రుచి మీదపడి కొట్టదు.

గాలితో చాలాకాలం గడిపిన తెల్ల వైన్‌లలో కనిపించే ఇంకో పదార్థం సోటోలాన్. తెలుగువాళ్ళకు దీని పేరు కొత్తగానీ వాసన చిన్నప్పటి నుంచీ తెలుసు, మెంతుల వాసన ఇదే. వేయించిన మెంతులు దంచినప్పుడు ముక్కుకు తగిలే ఆ చేదు తీపి ఘాటులో అసలు పాత్ర సోటోలాన్‌దే. స్పెయిన్ దక్షిణాన హెరెస్‌లో దొరికే షెర్రీ అనే వైన్‌లలోనూ, ఫ్రాన్స్ జూరా కొండల పసుపు వైన్‌లోనూ ఇది బాగా ఉంటుంది. పాశ్చాత్య వైన్ పుస్తకాల్లో ఆ వాసనకు కూర మసాలా పొడి అని రాసి వదిలేస్తారు, మెంతిపిండి అని ఖచ్చితంగా చెప్పగలిగేది ఆవకాయ కలిపిన చేతులే.

సరే, ఇంత గాలి తగిలితే వెనిగర్ అయిపోవాలి కదా? వెనిగర్ చేసే బ్యాక్టీరియాకు గాలి కావాలి, వెచ్చదనం కావాలి, వైన్ పైన ఖాళీ జాగా కావాలి. పీపాను ఎప్పుడూ అంచుదాకా నింపి ఉంచితే ఖాళీ ఉండదు. కొండరాయిలో తొలిచిన నేలమాళిగలో ఏడాది పొడవునా 12 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. వియూరాలోని పులుపు కూడా ఒక కాపలా. వీటన్నిటికీ తోడు మనిషి చేసే పని ఒకటుంది, మడ్డి వదిలించడం.

కొవ్వొత్తి వెలుగులో తేట

చింతపండు రసం కాసేపు కదపకుండా ఉంచి పైతేట వంచుకున్నట్టే ఇది కూడా, కాకపోతే 225 లీటర్లతో. లోపెస్ దె ఎరేదియాలో తెల్ల వైన్‌ను ఏడాదికి రెండుసార్లు ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి చేత్తో మారుస్తారు. పీపా అడుగు వైపు బెజ్జం తెరిచి వైన్ పారనిస్తూ, మధ్యమధ్యలో గ్లాసులో పట్టి కొవ్వొత్తి మంటకు ఎదురుగా ఎత్తి చూస్తారు. మంట స్పష్టంగా కనిపిస్తున్నంతసేపూ తేట వస్తున్నట్టు, మంట చుట్టూ మసక కమ్మగానే మడ్డి దగ్గరపడినట్టు, అక్కడితో ఆపేస్తారు. తేలియాడే నలుసుల్ని దింపడానికి తాజా కోడిగుడ్ల తెల్లసొన వాడతారు. సొనలోని ప్రొటీన్ ఆ నలుసుల్ని పట్టుకుని అడుక్కు లాగేస్తుంది. సీసాలో పోసేముందు ఫిల్టర్ చేయరు, పదేళ్ళలో ఇరవైసార్లు తేర్చాక వైన్ తనంతట తానే అద్దంలా ఉంటుంది.

ఆ మార్చే ప్రతిసారీ వైన్‌కు కాస్త ఎక్కువ గాలి తగులుతుంది, తర్వాత ఆరు నెలలు మళ్ళీ చీకట్లో పడుకుంటుంది. ఇలా ఒక చిన్న దెబ్బ, ఒక దీర్ఘ విశ్రాంతి. ఈ లయే వైన్‌ను గట్టిపరుస్తుంది. ఆ నేలమాళిగ గోడల నిండా నల్లటి బూజు, సీసాల మీద సాలెగూళ్ళు. దులపరు. సాలీళ్ళు కార్కును తొలిచే పురుగుల్ని తింటాయి, బూజు తేమను నిలబెడుతుంది. పీపాలు బిగించే, పాడైన పలకలు మార్చే వడ్రంగులు కూడా ఆ వైనరీలోనే జీతానికి పనిచేస్తారు, ఒక్కో పీపా దశాబ్దాల తరబడి వాడకంలో ఉంటుంది కాబట్టి ఆ విద్య లేకపోతే మిగతాదేదీ సాగదు.

వీటన్నిటికీ పరాకాష్ఠ అనదగ్గది ఇంకో పాత వైనరీది. మార్కేస్ దె మురియేతా 1986లో కోసిన తెల్ల ద్రాక్షతో చేసిన 'కస్తియో ఇగాయ్' వైన్ 252 నెలలు, అంటే 21 ఏళ్ళు, అమెరికన్ ఓక్ పీపాల్లో ఉంది. తర్వాత 67 నెలలు కాంక్రీటు తొట్టిలో ఉంది. కాంక్రీటులోకి ఎందుకు మార్చారన్నది గమనించాలి: గాలి చాలింది, ఇక స్థిమితపడనివ్వాలి అన్న నిర్ణయం అది. ఆ వైన్‌కు వైన్ అడ్వొకేట్ పత్రిక 100కు 100 మార్కులిచ్చింది. పాత తెల్ల రియోహా అంటే తాతలకాలపు వింత అని కొట్టిపారేసినవాళ్ళు కూడా అప్పుడు తిరిగి చూశారు.

షెర్రీతో, బర్గండీతో పోలిస్తే

స్పెయిన్ పాత తెల్ల వైన్ అనగానే చాలామంది షెర్రీ అనుకుంటారు. రెండూ వేర్వేరు దారులు. దక్షిణాన హెరెస్ చుట్టుపక్కల పలోమీనో ద్రాక్షతో వైన్ చేసి, దానికి ద్రాక్ష స్పిరిట్ కలిపి ఆల్కహాల్ పెంచుతారు. ఫీనో రకానికైతే 15 శాతం దగ్గర ఆపుతారు, పీపా పూర్తిగా నింపకుండా కొంత ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో వైన్ మీద 'ఫ్లోర్' అనే ఈస్ట్ పొర తెల్లటి మీగడలా కడుతుంది. ఊరగాయ జాడీలో పైన తేలే నూనె గాలిని ఎలా ఆపుతుందో, ఈ పొర వైన్‌ను అలా కాపాడుతుంది, నూనెకీ దీనికీ తేడా ఏమిటంటే ఇది ప్రాణమున్న పొర, కింది వైన్‌నే తింటూ దాని రుచి మార్చేస్తుంది. ఆల్కహాల్ ఇంకా పెంచి 17 శాతం దాటిస్తే ఆ పొర బతకదు, అప్పుడు నేరుగా గాలి తగిలి ఒలొరోసో అనే ఇంకో రకం షెర్రీ అవుతుంది. పైగా అక్కడ సోలేరా పద్ధతిలో కొత్త పంటను పాత పంటల్లో కలుపుతూ పోతారు, కాబట్టి ఏ ఏడాది వైన్ అన్న ప్రశ్నే ఉండదు.

రియోహాలో స్పిరిట్ కలపరు, ఈస్ట్ పొర లేదు, పీపాలో ఖాళీ లేదు, ప్రతి పంటా విడిగానే ఉంటుంది. మామూలు వైన్ బలంతోనే, ఏ కవచమూ లేకుండా అన్నేళ్ళు నిలబడాలి. సాంకేతికంగా చూస్తే షెర్రీ కన్నా ఇదే కష్టమైన పని. ఈ రెండు లోకాలకూ ఒక చిన్న వంతెన కూడా ఉంది. కూనే వారి 'మోనోపోల్' 1915 నుంచి ఉన్న తెల్ల వైన్ పేరు, పాతరోజుల్లో దానిలో కాస్త మాన్సనియా షెర్రీ కలిపేవారట. మధ్యలో ఆ పద్ధతి వదిలేసి తాజా వైన్‌గా మార్చారు, తర్వాత 2014 పంటతో పాత తీరును 'క్లాసికో' పేరుతో మళ్ళీ మొదలెట్టారు.

బర్గండీతో పోలిక ఇంకా ఆలోచింపజేస్తుంది. ఫ్రాన్స్‌లోని ఆ ప్రాంతపు తెల్ల వైన్‌లు పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు నిలవుంటాయని పేరు. 1990ల మధ్య నాటి పంటల నుంచి చాలా సీసాలు ఐదారేళ్ళకే గోధుమరంగుకు తిరిగి చచ్చుబడటం మొదలైంది, ఖరీదైన సీసాలు కొని దాచుకున్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. కార్కుల నాణ్యత, గంధకం తగ్గించడం, మడ్డిని అతిగా కలియబెట్టడం, ఇలా కారణాలు చాలా చెప్తారు. వాటిలో ఒకటి మరీ శుభ్రంగా, రసానికి గాలే తగలకుండా పిండటం. గాలి ఎరగని వైన్ సీసాలో తొలిసారి గాలిని చూసి కుప్పకూలుతుందన్నది ఆ వాదన. అది మొత్తం కారణం కాకపోవచ్చు. కానీ రియోహా పాత వైన్‌లు అదే కాలంలో నిక్షేపంగా ఉండటం ఆ వాదనకు బలమే.

మధ్యలో ఎందుకు మాయమైంది

1970లో మార్కేస్ దె కాసెరెస్ వైనరీ మొదలైంది, బోర్దో నిపుణుడు ఎమిల్ పెయ్‌నో సలహాతో. చల్లటి స్టీల్ ట్యాంకుల్లో పులియబెట్టి, లేత రంగుతో, పండ్ల వాసనతో, కొన్ని నెలలకే సీసాలో పోసే తెల్ల వైన్ రియోహాలో అప్పటికి కొత్త. జనం ఎగబడ్డారు. దాని పక్కన పాత పీపా వైన్ ముసలిదానిలా కనిపించింది, అప్పట్లో మార్కెట్‌లో ఉన్న పీపా వైన్‌లలో నిజంగానే నాసిరకం చాలా ఉండేది కూడా, అది దాచకూడదు. పాత పీపా అంటే అశ్రద్ధ పీపా అని అర్థం కాదు, కానీ చాలాచోట్ల అదే జరిగింది. 1972లో మార్కేస్ దె రిస్కాల్ తెల్ల వైన్ చేయడానికి రియోహా వదిలి రువేదా ప్రాంతానికే వెళ్ళిపోయింది, అక్కడి వెర్దేహో ద్రాక్ష తాజా వైన్‌కు బాగా కుదిరింది.

తర్వాత ఎర్ర రియోహాకు ధర పెరిగింది. రైతు లెక్క సూటిగా ఉంటుంది: టెంప్రనియో అనే ఎర్ర ద్రాక్షకు కిలోకు ఎక్కువ వస్తుంటే వియూరా ఎందుకు? ముదురు వియూరా తోటలు పీకేశారు, లేదా మొదలు మీద ఎర్ర రకం అంటుకట్టారు. నష్టం ఇక్కడే జరిగింది. పీపాలు కావాలంటే మళ్ళీ చేయించుకోవచ్చు, అరవయ్యేళ్ళ తీగను చేయించుకోలేం.

లోపెస్ దె ఎరేదియా మారకుండా ఉండిపోవడానికి కారణం వాళ్ళ పట్టుదల ఒక్కటే కాదు. 1913, 1914 ప్రాంతంలో ఎబ్రో మలుపు దగ్గర నాటుకున్న వంద హెక్టార్ల తొందోనియా తోట వాళ్ళ సొంతం, నేలమాళిగ సొంతం, పీపాల పని సొంతం, కుటుంబ యాజమాన్యం. ఏటా లాభం అడిగే బయటి వాటాదారులు ఉండి ఉంటే ఇరవయ్యేళ్ళు సీసాను కదపకుండా ఉంచడం సాధ్యమయ్యేది కాదు.

లేబుల్ చెప్పనిది

రియోహా సీసా వెనక చిన్న అధికారిక ముద్ర ఉంటుంది. నిలవ కాలం పెరిగే వరసలో చెప్తే, ఆకుపచ్చ అయితే మామూలు రకం, ఎరుపు క్రియాన్సా, ముదురు ఎరుపు రిసెర్వా, నీలం గ్రాన్ రిసెర్వా. తెల్ల వైన్‌కు గ్రాన్ రిసెర్వా అని పెట్టుకోవాలంటే చట్టం మొత్తం మీద నాలుగేళ్ళ నిలవ అడుగుతుంది, అందులో పీపా కాలం కొంతే. తొందోనియా పీపాల్లోనే పదేళ్ళు ఉంటుంది. రెండు సీసాల మీదా ఒకే నీలం ముద్ర. ఇంకా విచిత్రం, అదే వైనరీ క్రియాన్సా స్థాయిలో అమ్మే 'వీన్యా గ్రావోనియా' నాలుగేళ్ళు పీపాలో ఉండి వస్తుంది, అంటే వేరేవాళ్ళ గ్రాన్ రిసెర్వా కన్నా ఎక్కువ పీపా చూసి ఉండొచ్చు. కాబట్టి ముద్ర రంగు కనీస హామీ మాత్రమే. పంట ఏడాదికీ, అమ్మకానికి వచ్చిన ఏడాదికీ మధ్య తేడా ఎంతో చూసుకుంటే అసలు సంగతి తెలిసిపోతుంది.

ధర కూడా ఇక్కడినుంచే అర్థమవుతుంది. తాజా వైన్ చేసే వైనరీకి పెట్టిన డబ్బు ఏడాదిలో తిరిగొస్తుంది. ఇక్కడ ఒక పంట మీద పెట్టిన కూలీ, చెక్క, జాగా, ఆవిరైపోయిన వైన్, ఇవన్నీ ఇరవై పంటలు కోసేదాకా తిరిగిరావు. పైగా ప్రతి ఏడాదీ గ్రాన్ రిసెర్వా చేయరు, బాగా పండిన ఏడాదే చేస్తారు.

ఇకముందు

ఇప్పుడు గాలి మళ్ళింది. చాలా దేశాల్లో ఎర్ర వైన్ తాగడం తగ్గుతోంది, రియోహాలో ఎర్ర వైన్ నిల్వలు బరువవుతుంటే తెల్ల వైన్‌కు గిరాకీ పెరుగుతోంది. 2007లో ఇక్కడ కొత్త తెల్ల రకాలకు అనుమతి ఇచ్చారు. షార్డొనే, సావిన్యోన్ బ్లాంక్, వెర్దేహో లాంటి బయటివాటితో పాటు టెంప్రనియో బ్లాంకో కూడా అందులో ఉంది. ఇది 1988లో మురియో దె రియో లెసా ఊళ్ళో ఒక ఎర్ర టెంప్రనియో తీగకు ఒకే ఒక్క కొమ్మ తెల్ల గుత్తులు కాస్తే, దాన్ని కోసి పెంచిన రకం. అయితే కొత్తగా వస్తున్న తెల్ల వైన్‌లో ఎక్కువ భాగం తాజాగా తాగేదే. నిలవుండే వైన్ మీద చేయి వేస్తున్న కొత్తతరం ఉన్నారు, వాళ్ళు పాత వియూరా తోటల కోసం వెతుకుతున్నారు, ఒకటి రెండేళ్ళ పీపాతో ఆపుతున్నారు. పదేళ్ళ పీపా దాకా వెళ్ళాలంటే ఇప్పుడు నలభై ఏళ్ళున్న మనిషికి తన జీవితంలో మూడు నాలుగు ప్రయత్నాలకు మించి వీలుండదు.

వాతావరణం ఇంకో చిక్కు. వేడి పెరిగితే ద్రాక్షలో చక్కెర ముందే ఎక్కుతుంది, పులుపు పడిపోతుంది. ఈ వైన్‌కు వెన్నెముక పులుపే. కొండవైపు ఎత్తుకు పోయి నాటడం ఒక దారి, కానీ ఆ తీగలు ముదరాలి.

మన దగ్గర ఈ సీసా దొరికితే

మన దేశంలోకి వచ్చే విదేశీ వైన్ మీద ఇన్నాళ్ళూ 150 శాతం కస్టమ్స్ సుంకం, దానిమీద రాష్ట్రాల పన్నులు ఉండటంతో, హైదరాబాద్‌లోనో విశాఖలోనో పాత తెల్ల రియోహా కనిపించడం అరుదు. అమెరికా, ఇంగ్లండ్‌లలో ఉన్న తెలుగువాళ్ళకు మంచి వైన్ షాపుల్లో దొరుకుతుంది. ఎవరైనా సూట్‌కేస్‌లో తెచ్చారనుకుంటే ముందు జాగ్రత్త ఎండ గురించి. 12 డిగ్రీల్లో ఇరవయ్యేళ్ళు పెరిగిన వైన్‌ను మే నెలలో అటక మీద పెడితే ఆ ఇరవయ్యేళ్ళ పనీ వారాల్లో పాడవుతుంది. ఫ్రిజ్ అంత చల్లగా కూడా తాగకూడదు, వాసనంతా ముడుచుకుపోతుంది. ఫ్రిజ్ నుంచి తీసి అరగంట బయట ఉంచితే సరిపోతుంది.

నిజంగా పాడైందా అన్న అనుమానానికి రంగు సాక్ష్యం కాదు, నాలుకే సాక్ష్యం. వెనిగర్ ఘాటు ముక్కును కుట్టినా, తడిసిన అట్టపెట్టె వాసన వచ్చినా, నోట్లో పులుపు లేకుండా చప్పగా జారిపోయినా పాడైనట్టే. ముదురు బంగారు రంగులో ఉండి కూడా చివర్లో నోరూరించే పులుపు మిగిలితే బాగున్నట్టే. తెరిచిన వెంటనే మూగగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, గంటా గంటన్నర గ్లాసులో కూర్చోనిస్తే విచ్చుకుంటుంది. తాజా తెల్ల వైన్ తెరిచిన మర్నాటికే నీరసపడుతుంది. ఇది మాత్రం సగం సీసా మిగిలిపోతే కార్కు బిగించి ఫ్రిజ్‌లో పెట్టినా మూడో రోజుకు, నాలుగో రోజుకు కూడా నిలకడగానే ఉంటుంది. గాలి దానికి కొత్త కాదు కదా.